గోడలో కుంపటి

మన సంఘంలో ఈమధ్య ఎవరింటికి వెళ్ళినా హాల్లో ఒక పెద్ద సూట్‌కేసు తెరిచి ఉంటోంది. పక్కన తూకం యంత్రం, దాని మీద కందిపొడి పొట్లాలు. అమ్మాయి పురిటికో, అబ్బాయి గృహప్రవేశానికో అమెరికా ప్రయాణం. బయలుదేరే ముందు, అప్పటికే వెళ్ళొచ్చిన వాళ్ళ దగ్గరికి వచ్చి ‘అక్కడి చలికి ఏం పట్టుకెళ్ళాలండీ?’ అని అడగడం ఆనవాయితీ అయింది. పోయిన నెల మా పక్క వీధి మాస్టారు దంపతులు కూడా వచ్చి అడిగారు. స్వెట్టర్ల సంగతి, మంచుబూట్ల సంగతి మా ఆవిడ చెప్పింది. నేను మాత్రం, ‘వాళ్ళింట్లో గోడలో మంట ఉందేమో కనుక్కోండి. ఉంటే అడక్కుండా దాని జోలికి వెళ్ళకండి’ అన్నాను. మాస్టారు నా వంక విచిత్రంగా చూశారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆవిడకి తెలుసు. మీకూ చెప్పేస్తాను. ఊళ్ళో అందరికీ తెలిసిపోతే ఇంక భయం ఉండదు కదా.

2023 అక్టోబరు నెలాఖరున, మా అమ్మాయి పురిటికని మిషిగన్ రాష్ట్రం వెళ్ళాం. వాడుకోకుండా మిగుల్చుకున్న సెలవుల్లోంచి 75 రోజులు తీశాను. సెలవుకి ఒక దరఖాస్తు, దేశం దాటడానికి అనుమతి కోసం ఇంకో దరఖాస్తు. పైఆఫీసు వాళ్ళు దీని కోసం అదీ, దాని కోసం ఇదీ ఆపి, విమానం నాలుగు రోజులుందనగా రెండూ వదిలారు. ఆ కథ వేరే సంచికకి సరిపోతుంది.

అమ్మాయీ అల్లుడూ కొనుక్కున్న ఇల్లు కొత్తది కాదు, ముప్ఫై ఏళ్ళ నాటి కట్టడం. హాల్లో గోడకి, నేల నుంచి జానెడు ఎత్తులో, ఒక పెద్ద గూడు. ముందు దళసరి అద్దం. లోపల నాలుగు దుంగలు పేర్చి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే అవి దుంగలు కావు, పింగాణీలాంటి దానితో పోతపోసిన బొమ్మ దుంగలు. కింద నుంచి గ్యాస్ వచ్చి వాటి సందుల్లో మండుతుంది. కట్టె తరగదు, బూడిద రాలదు. పొగ ఇంట్లోకి రాదు. వెనక నుంచి ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు గొట్టాలు గోడ దాటి బయటికి పోతాయి, లోగొట్టంలోంచి కాలిన గాలి బయటికి, పైగొట్టంలోంచి మంచి గాలి లోపలికి. మన సిలిండరు గ్యాస్ కాదు, కుళాయి నీళ్ళలాగా వీధి గొట్టంలోంచి వచ్చే సహజవాయువు. దీన్ని వెలిగించడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. సోఫాలో కూర్చుని రిమోట్ నొక్కితే ‘టక్’మని ఒక చప్పుడు, ఆ వెంటనే భగ్గున మంట. అడుగున జాలీ తలుపు వెనక ఒక చిన్న ఫ్యాను ఉంటుంది. అది వేడి గాలిని గదిలోకి నెడుతుంది. దీన్ని వాళ్ళు ఫైర్‌ప్లేస్ అంటారు.

‘ఇది కుంపటే కదండీ’ అంది మా ఆవిడ మొదటి రోజే. ‘విసనకర్ర కూడా వాళ్ళే బిగించి ఇచ్చారు.’

బరంపురంలో పుట్టి పెరిగిన వాళ్ళకి చలి అంటే సంక్రాంతికి ముందు నాలుగు రోజులు దుప్పటి కప్పుకోవడం. కుంపటి మాకు వంటకే గాని ఒళ్ళు కాచుకోవడానికి కాదు. మా చిన్నప్పుడు, 1970ల్లో, మా మామ్మ బొగ్గుల కుంపటి మీదే కాఫీ కాచేది. రాత్రి పని అయ్యాక ఒక నిప్పుకణికని బూడిదలో కప్పెట్టి పడుకునేది. పొద్దున్నే బూడిద తీసి, ఊదుగొట్టంతో నాలుగుసార్లు ఊదితే మళ్ళీ రాజుకునేది. ఆ కణిక చల్లారిపోయిందంటే మా మామ్మకి ఆ రోజంతా కోపమే. అగ్గిపెట్టె ఖర్చని కాదు. ఇంట్లో నిప్పు ఆరకూడదని ఆవిడ పట్టుదల. ఆ మాట నాకు సమయానికి గుర్తుకు వచ్చి ఉంటే ఈ కాలమ్ రాయవలసిన అవసరం ఉండేది కాదు.

వెళ్ళిన నాలుగో రాత్రి, రెండు గంటల వేళ మెలకువ వచ్చింది. అక్కడికి వెళ్ళిన వాళ్ళందరికీ తెలిసిన మెలకువే అది, మన ఊరి మధ్యాహ్నం మన ఒంట్లోంచి ఒక పట్టాన పోదు. మంచినీళ్ళ కోసం హాల్లోకి వస్తే, చీకట్లో ఆ బొమ్మ దుంగల వెనక ఒక నీలం మంట కనిపించింది. ప్రమిదలో వత్తి కొసంత ఉంది. అందరూ పడుకున్నారు, ఆ రోజు ఫైర్‌ప్లేస్ ఎవరూ వెయ్యలేదు. మంట మాత్రం నిశ్శబ్దంగా మండుతోంది.

బ్యాంకులో పనిచేసిన వాడి కళ్ళు ఎక్కడికి వెళ్ళినా ఊరుకోవు. ఎవరో సరిగ్గా కట్టెయ్యలేదు, రాత్రీ పగలూ గ్యాస్ ఊరికే పోతోంది, నెలాఖరున బిల్లు కట్టేది మా పిల్లలు. జాలీ తలుపు కిందికి దించి చూశాను. ఒక గుండ్రటి మీట, దాని చుట్టూ మూడు మాటలు: ఆఫ్, పైలట్, ఆన్. పైలట్ అంటే విమానం నడిపేవాడనే నాకు తెలిసిన అర్థం. మీట కాస్త నొక్కి ఆఫ్ దగ్గరికి తిప్పాను. నీలం మంట పోయింది. ఈలోగా మా ఆవిడ లేచి వచ్చి, ‘ఏం చేస్తున్నారండీ?’ అంది. ‘వీళ్ళకి పొదుపు తెలీదు’ అన్నాను. ఇన్‌కమ్ లీకేజీ కనిపెట్టిన ఆడిటరులాగా వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

పొద్దున్న ఎవరికీ చెప్పలేదు. చెప్పేటంత పెద్ద విషయం అనిపించలేదు.

నవంబరు రెండో వారంలో మనవరాలు పుట్టింది. ఆడపిల్లని గుండెల మీద కుంపటి అనే మాట మన భాషలో ఉంది. ఆ మాట అన్నవాడు ఎవడోగాని చంటిపిల్లని గుండెల మీద పడుకోబెట్టుకుని ఉండడు. ఆ నెలంతా ఫైర్‌ప్లేస్ అవసరం పడలేదు. ఇల్లంతా వెచ్చగా ఉంచడానికి నేలమాళిగలో ఫర్నేస్ అనే పెద్ద యంత్రం ఉంది. నేను కూడా ఆ నీలం మంట సంగతి పూర్తిగా మరిచిపోయాను.

డిసెంబరు మూడో వారంలో ఒకనాడు పొద్దుటి నుంచి వాన. వాన అంటే మన వాన కాదు. పడిన చినుకు పడినచోటే గడ్డకడుతుంది. సాయంత్రానికి చెట్ల కొమ్మలన్నీ గాజు తొడుగు వేసుకున్నట్టు అయ్యాయి. చూడటానికి బాగుందని నేనూ మా ఆవిడా కిటికీ దగ్గర నిలబడి చూశాం. ఏడు గంటలకి వీధి చివర ఒక పెద్ద కొమ్మ విరిగి కరెంటు తీగల మీద పడింది. మా వీధంతా చీకటి. అల్లుడు ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళాడు. అతని విమానం రద్దయి ఆ ఊళ్ళోనే చిక్కుకుపోయాడు.

కరెంటు పోతే ఫర్నేస్ కూడా పోతుందని నాకు అప్పుడే తెలిసింది. అదీ గ్యాస్‌తోనే నడుస్తుంది, కాని ఆ వేడిని ఇల్లంతా నెట్టే ఫ్యానుకీ, దాన్ని నడిపే పరికరాలకీ కరెంటు కావాలి. బయట 18 డిగ్రీలు, వాళ్ళ ఫారన్‌హీట్ లెక్కలో. మన లెక్కలో సున్నాకి 8 కింద. గోడ మీద బ్యాటరీతో నడిచే చిన్న థర్మామీటరు ఉంది. ఏడింటికి 70 ఉన్నది తొమ్మిదిన్నరకి 65కి దిగింది. పసిపిల్లకి అయిదు వారాలు. స్నేహితుల ఇంటికి వెళదామంటే రోడ్డు అద్దంలా ఉంది, కారు గుమ్మం దాటదు.

‘భయం లేదు నాన్నా, ఫైర్‌ప్లేస్ ఉందిగా. దానికి కరెంటు అక్కర్లేదు’ అంది అమ్మాయి. రిమోట్ తీసి నొక్కింది. మంట రాలేదు. మళ్ళీ నొక్కింది, రాలేదు.

అల్లుడికి ఫోన్ చేస్తే, ‘ముందు రిమోట్‌లో బ్యాటరీ చూడండి మామయ్యగారూ’ అన్నాడు. మార్చాం. రిమోట్ మీద ఎర్ర చుక్క వెలిగింది గాని ఇంకేం లేదు. ‘అయితే కింద రిసీవర్ ఉంటుంది, దానికీ బ్యాటరీలున్నాయి’ అన్నాడు. రిమోట్ చెప్పిన మాట వినడానికి లోపల ఒక నల్ల డబ్బా ఉంటుందన్నమాట. జాలీ తలుపు దించి, సెల్‌ఫోన్ వెలుగులో చెయ్యి పెట్టి తడిమి తడిమి దాన్ని పట్టుకున్నాను. లోపల పెన్సిల్ బ్యాటరీలు నాలుగు, రెండింటికి తెల్లటి పొడి పట్టి ఉంది. సొరుగులో కొత్తవి రెండే దొరికాయి. మిగతా రెండూ గోడ గడియారంలోంచి తీసి పెట్టాను. కొత్తవీ పాతవీ కలపకూడదని తరవాత తెలిసింది, కాని అప్పటికి అదే గొప్ప ఉపాయమనుకున్నాను. డబ్బా పక్కన ‘లెర్న్’ అని రాసి సూది బెజ్జమంత రంధ్రం ఉంది. అందులో పిన్ను గుచ్చి పట్టుకుని రిమోట్ నొక్కితే, రిమోట్‌కీ డబ్బాకీ తిరిగి పరిచయం అవుతుంది. గుచ్చాం. బీప్ మంది. అమ్మాయి రిమోట్ నొక్కింది. డబ్బాలో ‘టక్’మంది.

‘వచ్చేసింది!’ అంది మా ఆవిడ. టక్ అయితే వచ్చింది. మంట రాలేదు.

ఇక్కడ నాకు బ్యాంకు బుర్ర కాస్త పనికొచ్చిందని చెప్పుకోవాలి. సాయంత్రం క్యాషు కలవకపోతే మొత్తం రోజు చిట్టా మొదటి నుంచి చూడం. మధ్యలో ఒకచోట గీత గీసి, దీనికి పైన సరిగా ఉందా, కింద సరిగా ఉందా అని చూస్తాం. ఆ నల్ల డబ్బా మీద జరిపే మీట ఒకటి ఉంది, దానికీ మూడు స్థానాలు: ఆన్, రిమోట్, ఆఫ్. ఆన్‌లో పెడితే రిమోట్‌తో, బ్యాటరీలతో పని లేకుండా నేరుగా కలిపేస్తుంది. అప్పుడు మంట వస్తే తప్పు రిమోట్‌ది. అప్పుడూ రాకపోతే తప్పు ఇంకా కింద ఉంది. ఆన్‌లో పెట్టాను. రాలేదు.

‘అయితే రిమోట్ తప్పు కాదమ్మా’ అన్నాను, కేసు సగం తేల్చిన వాడిలా.

పదిన్నరయింది. థర్మామీటరు 62. మా ఆవిడ, ‘వంటింట్లో స్టౌ నాలుగు బర్నర్లూ వెలిగిద్దాం. అగ్గిపుల్లతో వెలుగుతాయిగా’ అంది. నాకూ బాగానే అనిపించింది. అమ్మాయి ఒప్పుకోలేదు. ‘వద్దమ్మా, తలుపులన్నీ బిగించిన ఇల్లు. కార్బన్ మోనాక్సైడ్ చేరితే తెలియకుండానే ప్రాణం పోతుంది’ అంది. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. చలి ఊళ్ళలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని పొద్దున్న లేవని వాళ్ళ గురించి పేపర్లో మనం చదువుతూనే ఉంటాం. ఫైర్‌ప్లేస్‌కి బయటికి గొట్టం ఉంది, వంట స్టౌకి లేదు. నాకు తోచనిది దానికి తోచింది.

పసిపిల్లని తన ఒంటికి ఆనించి శాలువా చుట్టుకుని, అమ్మాయే నేల మీద కూర్చుంది. జాలీ తలుపు లోపల గొలుసుకి వేలాడుతున్న రేకు మీద ఏదో అచ్చు వేసి ఉంటే చదవడం మొదలుపెట్టింది. ‘పైలట్ మంట వెలుగుతోందో లేదో ముందు చూడండి అని ఉంది నాన్నా. దుంగల వెనక చిన్న నీలం మంట ఎప్పుడూ ఉండాలట. లేదే! ఎలా ఆరిపోయింది?’

నా చేతిలో సెల్‌ఫోన్ వెలుగు ఆ మీట మీదే పడి ఉంది. ఆఫ్. నేను పెట్టినచోటే ఉంది. చేతివ్రాత నాదే.

బ్రాంచిలో ఎంతమందిని నిలబెట్టి ‘ఈ ఇనీషియల్ ఎవరిది?’ అని అడిగానో లెక్కలేదు. నావంతు వచ్చేసరికి నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: ‘గాలికి ఆరిపోయి ఉంటుందమ్మా.’

‘అద్దం లోపల గాలేమిటి నాన్నా?’ అంది అమ్మాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. చీకట్లో ఆవిడ ముఖం కనిపించకపోవడం నా అదృష్టం.

రేకు మీద ఉన్నది ఉన్నట్టు చేశాం. మీట ఆఫ్‌లో ఉందని చూసుకుని 5 నిమిషాలు ఆగాలి, లోపల గ్యాస్ నిలిచి ఉంటే పోవాలి కాబట్టి. నేల దగ్గర వంగి వాసన చూడాలి. వాసన ఉంటే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికి వెళ్ళి అక్కడి నుంచి ఫోన్ చెయ్యాలి. మాకు వాసన లేదు. తరవాత మీట పైలట్ దగ్గరికి తిప్పి, లోపలికి నొక్కి పట్టుకుని, పక్కనున్న ఎర్ర బొత్తాం నొక్కాలి. టక్కుమని నిప్పురవ్వ. నొక్కుతూనే ఉన్నాను, ఎంతకీ అంటుకోదు. గొట్టంలో చేరిన గాలి పోయి గ్యాస్ రావడానికే సేపు పడుతుందట. చివరికి నీలం మంట కనిపించింది. సంతోషం పట్టలేక చెయ్యి తీసేశాను. ఆరిపోయింది. మళ్ళీ ఆఫ్, మళ్ళీ 5 నిమిషాలు. ఆ 5 నిమిషాలంత పొడుగైన కాలం నేను ఏ ఆడిటులోనూ చూడలేదు.

రెండోసారి మంట వచ్చాక చెయ్యి తియ్యలేదు. నోట్ల కట్ట లెక్కపెట్టినట్టు ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టాను. వందకి మెల్లగా వదిలాను. మంట నిలిచింది. మీట ఆన్‌కి తిప్పి, డబ్బా మీట రిమోట్ దగ్గరికి జరిపి, ‘నొక్కమ్మా’ అన్నాను. టక్. భగ్గు.

పదకొండున్నరకి మంట ముందు ముగ్గురం, కాదు నలుగురం, కూర్చున్నాం. ఫ్యానుకి కరెంటు లేదు కనక వేడి గది చివరి దాకా పోలేదు గాని ఆ ఒక్క మూలా వెచ్చబడింది. పరుపులు అక్కడికే లాక్కొచ్చుకున్నాం. అద్దం మాత్రం చెయ్యి పెడితే కాలిపోయేటంత వేడెక్కుతుంది, పాకే పిల్లలున్న ఇంట్లో ముందు కంచె పెట్టుకోవాలి. కరెంటు తెల్లవారుజామున వచ్చింది.

కరెంటు వచ్చినా ఫ్యాను తిరగలేదు. మంట బాగా ఉంది, ఫ్యాను స్పీడు తిప్పే బొత్తాం ఎంత తిప్పినా చప్పుడు లేదు. ఈసారి నేను దేన్నీ ముట్టుకోలేదు. మర్నాడు అల్లుడు వచ్చాక మెకానిక్‌ని పిలిపించాడు. ఇరవై అయిదేళ్ళ కుర్రాడు, నేల మీద వెల్లకిలా పడుకుని పనిచేశాడు. ఆ ఫ్యాను మంట వెయ్యగానే తిరగదట, పొయ్యి గూడు వేడెక్కాకే తిరుగుతుంది, లేకపోతే చల్లగాలి కొడుతుంది కదా. అందుకని రూపాయి బిళ్ళంత వేడి స్విచ్చు ఒకటి గూడు అడుగున అయస్కాంతంతో అంటుకుని ఉంటుంది. వేడి తగిలితే అది కలుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది. దానికి పావుగంటో ఇంకాస్త ఎక్కువో పడుతుంది. మా దాంట్లో ఆ బిళ్ళ ఊడి కిందపడి ఉంది. చల్లటి నేల మీద పడుకున్న స్విచ్చుకి పైన మంట మండుతోందని ఎలా తెలుస్తుంది? దాన్ని మళ్ళీ అంటించి, ఫ్యాను రెక్కల మధ్య అట్ట కట్టిన దుమ్ము బ్రష్షుతో తీశాడు. ఇరవై నిమిషాల తరవాత గుర్రుమని తిరిగింది. ఆ బిళ్ళ అంతకు ముందే ఊడిందో, ఆ రాత్రి నేను చీకట్లో తడిమినప్పుడు ఊడిందో ఎవరూ చెప్పలేకపోయారు. సంశయలాభం నాకు ఇచ్చారు.

ఆ కుర్రాడే ఒక చిన్న మీటరు పెట్టి పైలట్ మంట దగ్గర కరెంటు కొలిచాడు. అర వోల్టు మీద కాస్త ఎక్కువ చూపించింది. మంట వేడికి అక్కడున్న ఒక కడ్డీ ఆ కాస్త కరెంటు పుట్టిస్తుంది. గ్యాస్ తలుపు తెరిచి పట్టుకునేది ఆ అర వోల్టే. ఇంటికి కరెంటు లేకపోయినా అది పనిచేసింది అందుకే. ఏ కారణం చేతనైనా నీలం మంట ఆరితే కరెంటు ఆగి, తలుపు దానంతట అదే మూసుకుంటుంది, గ్యాస్ ఇంట్లోకి రాదు. నేను దండగ ఖర్చు కింద కొట్టేసినది రాత్రి కాపలావాణ్ణన్నమాట. ఎండాకాలంలో చాలామంది దాన్ని ఆర్పేస్తారని కూడా అతనే చెప్పాడు, నెలకి కొన్ని డాలర్లు మిగులుతాయట. అంటే నా పొదుపు లెక్క మరీ తప్పు కాదు. కొత్తరకం వాటిలో ఈ మంట ఎప్పుడూ ఉండదని, అవసరమైనప్పుడే వెలుగుతుందని చెప్పి, వెళ్ళబోతూ అల్లుణ్ణి అడిగాడు: ‘మరి దీన్ని ఎవరు ఆర్పారు?’

అల్లుడు అమ్మాయి వంక చూశాడు, అమ్మాయి నా వంక చూసింది. ఆ కుర్రాడి ముందు ఏం మాట్లాడను? భోజనాల దగ్గర చెప్పాను. ‘నేనే ఆర్పాను. వచ్చిన నాలుగో రాత్రి, రెండు గంటలకి. గ్యాస్ వృథా అవుతోందని.’

అల్లుడు నవ్వేసి, ‘పోనీలెండి మామయ్యగారూ’ అన్నాడు. అమ్మాయి నవ్వలేదు. ‘ఆర్పినందుకు కాదు నాన్నా. ఆ రాత్రి మీట ఆఫ్‌లో ఉందని నీకు తెలుసు. నేను పిల్లని పట్టుకుని వణుకుతూ ఎలా ఆరిందా, ఎక్కడైనా గ్యాస్ లీకవుతోందా అని చచ్చేంత భయపడుతుంటే నువ్వు గాలి అన్నావు’ అంది. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. దాని మూడో క్లాసు ప్రోగ్రెస్ కార్డు మీద మార్కులు దిద్దుకొచ్చిన రోజున, అబద్ధం ఆడినందుకు నేను రెండు రోజులు మాట్లాడలేదు. అది దానికి గుర్తుందో లేదో. నాకు ఉంది.

పొద్దున్న కాఫీతో బాటు ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

‘రాయి.’

‘ఏం రాయను?’

‘దీన్ని ఎలా వెలిగించాలో, ఎలా ఆర్పాలో, వెలక్కపోతే ముందు ఏం చూడాలో. తెలుగులో రాయి. వేసవికి అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారు.’

బ్రాంచి మారేటప్పుడు కొత్త మేనేజరుకి ఛార్జి అప్పజెప్పే కాగితం రాయడం నాకు అలవాటే. తాళాలు ఇన్ని, రిజిస్టర్లు ఇన్ని అని. అలాగే రాశాను. మంట రాకపోతే మొదట దుంగల వెనక నీలం మంట ఉందో లేదో చూడవలెను. అది ఉంటే నల్ల డబ్బా మీట ఆన్‌లో పెట్టి చూడవలెను, అప్పుడు వెలిగితే బ్యాటరీలు మార్చవలెను, నాలుగూ కొత్తవే వేయవలెను. చలికాలం అయిపోగానే బ్యాటరీలు తీసి ఉంచవలెను, లేనిచో కారి డబ్బా పాడగును. ఫ్యాను కోసం అరగంట ఓపిక పట్టవలెను. అప్పటికీ తిరగకపోతే మెకానిక్‌ని పిలవవలెను. గోడ మీది కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ కూడా అప్పుడే చూడవలెను, ఏడాదికోసారి మొత్తం మెకానిక్‌కి చూపించవలెను. నీలం మంటని ఎవరైనా ఆర్పదలచినచో ఇంట్లో అందరికీ చెప్పి ఆర్పవలెను. కింద తేదీ వేసి సంతకం పెట్టాను.

మా అమ్మాయి చదువంతా ఒడియా, ఇంగ్లీషులోనే సాగింది. తెలుగు నేర్చుకున్నది మన సంఘం ఆదివారం క్లాసులోనే. ఆ కాగితాన్ని కూడబలుక్కుంటూ పైకి చదివింది. ‘పాడగును’ దగ్గర ఆగి, ‘అంటే పాట పాడుతుందా నాన్నా?’ అంది. అప్పుడు నవ్వింది. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి జాలీ తలుపు పక్కన గోడకి అంటించింది.

మేం జనవరిలో తిరిగి వచ్చేశాం. ఆ తరవాతి చలికాలం మొదట్లో అమ్మాయి ఫోన్‌లో ఒక ఫోటో పంపింది. నా కాగితమే. అడుగున, నా సంతకం కింద, వంకర టింకర తెలుగు అక్షరాల్లో ఇంకో పంక్తి చేరింది: ‘తనికీ చేశాను. మంట ఉంది.’ పక్కన దాని పొట్టి సంతకం, తేదీ.

ఒత్తు ఖ రాయవలసిన చోట మామూలు క రాసింది. ఫోటో మా ఆవిడకి చూపించాను. ‘తప్పు దిద్ది పంపుతారా?’ అని అడిగింది. ఫోన్ మూసి జేబులో పెట్టుకున్నాను.